తాటిమట్ట పాతిన చోట

అరవైల మొదట్లో మాట. బుల్‌డోజరు అన్న పేరు పలకడానికి మా వైపు చాలామందికి నోరు తిరగని రోజుల్లో నేను దాన్ని నడిపేవాణ్ణి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఉదయగిరి వైపు మెట్టలో పుట్టినవాణ్ణి. ఎద్దుల్ని అదిలించడం తప్ప ఏమీ తెలియని ఇంట్లోంచి వచ్చి అంత పెద్ద ఇనప మృగాన్ని రెండు మీటలతో అటూ ఇటూ తిప్పుతుంటే, ఇక కళ్ళు నెత్తికెక్కక ఏమవుతాయి? ఏ ఊరు వెళ్ళినా జనం పనులు మానుకుని వచ్చి చూసేవాళ్ళు. వాళ్ళు చూస్తున్నది మిషన్నే అయినా, నన్ను చూస్తున్నారనే అనుకునేవాణ్ణి.

ఆ ఏడు వానలకి ముందు మమ్మల్ని సముద్రం వైపు పంపించారు. కొడవలూరు దగ్గర లారీ మీద నుంచి మిషన్ని దించి, విడవలూరు దాటించి, ఉప్పుటేరు దాకా నడిపించుకుంటూ వెళ్ళాను. ఏటి పక్కన పొడుగాటి మట్టికట్ట ఉంది. కట్టకి ఇవతల వరి కయ్యలు, అవతల ఏరు, ఏరు దాటితే ఇసక దిబ్బల మీద చేపలు పట్టేవాళ్ళ పాళెం, ఆ వెనక సముద్రం. కిందటేడు గాలివానకి కట్ట తెగింది. పున్నమికీ అమావాస్యకీ పోటెక్కినప్పుడల్లా ఆ గండిలోంచి ఉప్పునీళ్ళు కయ్యల్లోకి వస్తున్నాయి. వానలు పడి నార్లు పోసేలోగా గండి పూడ్చాలి. అదీ నా పని.

కట్ట మీద దారి మిషనుకు చాలదు. అందుకని కట్ట వెంబడే, ఏటి ఒడ్డున పోటుకి మునిగే చదునైన పర్ర నేల మీదుగా నడపాలని మా ఓవర్సీరుగారు నిర్ణయించి, దారి పొడుగునా సున్నం పూసిన పుల్లలు పాతించారు. నేను వెళ్ళేసరికి వాటిలో సగాన్ని పశువులు తొక్కేసి ఉన్నాయి. ఒకచోట పుల్లలు అసలే లేవు. అక్కడ మాత్రం రెండు తాటిమట్టలు నిలువుగా పాతి ఉన్నాయి. పుల్లలు పోతే కూలీలెవరో వాటి బదులు మట్టలు పాతారనుకున్నాను. పైన నేల ఉప్పు పేరుకుని తెల్లగా, ఎండి గట్టిగా ఉంది. మా మెట్టలో అలాంటి నేలని దున్నబోతే నాగలి కర్రు విరుగుతుంది. ఇంకేం భయం?

అవతల ఒడ్డు నుంచి ఒకామె చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వస్తోంది. యాభై ఏళ్ళుంటాయి. పోటు తగ్గి పాటు వచ్చిన వేళ ఏరు మోకాలి లోతుకి దిగిపోతే, ఆమె రోజూ అలాగే దాటి విడవలూరుకి చేపలు తీసుకెళ్ళేదట. నన్ను చూసి ఒక చెయ్యి పైకెత్తి అరిచింది.

“అబ్బయ్యా! అటు పోబాకయ్యా! మట్ట పాతుండాది కనపళ్ళా?”

నాకు వినపడింది. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే తర్వాత చెప్పేదంతా అబద్ధమవుతుంది. ఇంజను ఎంత మోగుతున్నా ఆమె మాట నాకు స్పష్టంగా వినపడింది. చేపలమ్మే మనిషికి మిషను సంగతి ఏం తెలుసులే అనుకుని, పక్కకి తప్పుకోమన్నట్టు చెయ్యి ఊపి, మట్టల మధ్యనే పోనిచ్చాను.

మిషను ముందుకు ఒరిగింది. మొదట ఏదో చిన్న గుంత అనుకున్నాను. వెనక్కి తీద్దామని మీట లాగాను. చక్రాల బదులుండే ఇనప చైన్లు గిర్రున తిరిగాయి తప్ప మిషను అంగుళం కదల్లేదు. తిరిగిన కొద్దీ దిగింది. తెల్లటి పొర కింద నుంచి నల్లటి బురద, కుళ్ళిన గుడ్డు వాసనతో పైకి పొంగింది. నేను ఇంజను ఆపేసరికి ఎడమ చైను పూర్తిగా బురదలో ఉంది, మిషను పొట్ట నేలని కరుచుకుని ఉంది. ఆ రోజు దశమి. పున్నమికి అయిదు రోజులు. పున్నమి పోటొస్తే ఆ పర్ర మీద మనిషి ఛాతీ లోతు ఉప్పునీళ్ళు నిలుస్తాయని, ఇంజన్లోకి అవి వెళితే ఇక మిషనూ లేదు, నా ఉద్యోగమూ లేదని నాకు ఒక్కసారిగా తెలిసొచ్చింది.

ఓవర్సీరుగారు సైకిలు మీద వచ్చి చూసి, గొడుగు కింద పడేసి నెత్తి పట్టుకున్నారు. “ఏమయ్యా, ఎవరు పొమ్మన్నారు నిన్నిటు?” అన్నారు.

భయంలో మనిషికి నాలుక ఎంత వేగంగా వంకరపోతుందో ఆ రోజు చూశాను. “ఆ పాళెం వాళ్ళు మన పుల్లలు పీకేసి తాటిమట్టలు పాతారండీ. నేను మన గుర్తే అనుకున్నాను” అన్నాను.

“ఎవరూ చెప్పలేదా?”

“ఇంజను చప్పుళ్ళో ఏమీ వినపడలేదండీ.”

ఆ మాటంటున్నప్పుడు ఆమె తట్ట నెత్తిన పెట్టుకుని పది అడుగుల దూరంలో నిలబడి ఉంది.

ఓవర్సీరుగారు పాళేనికి కబురు పంపించి వాళ్ళ కాపుని పిలిపించారు. కాపు అంటే పాళేనికి పెద్ద. ఏ రోజు వేటకి పోవాలి, ఎవరి తగువు ఎలా తీరాలి, అన్నీ ఆయన నోటి మాట మీదే. అరవై దాటిన మనిషి, పైన పంచె ముక్క తప్ప చొక్కా లేదు, నడుం ఇంకా వంగలేదు. ఓవర్సీరుగారు అరిచినంతసేపూ చేతులు కట్టుకుని విన్నాడు. మట్టల్ని చూశాడు, మిషన్ని చూశాడు, నన్ను చూశాడు. తట్ట పట్టుకున్న ఆమె ఏదో అనబోతే, కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె ఆయన భార్య అని నాకు అప్పుడు తెలియదు.

“మట్ట మాదేనయ్యా,” అన్నాడు. “పోయినేడు మా గొడ్డొకటి ఈడ దిగబడి చచ్చిపోయినాది. ఇంకోటి పోకుండా పాతినాం. మా మట్ట మూలాన దిగబడిందంటే, తీసే బాధ్యత మాదే. మేం తీసిస్తాం.”

ఓవర్సీరుగారికి కోపంలో కూడా నవ్వొచ్చింది. “వల వేసి లాగుతారా ఏం?” అన్నారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే అసహ్యం.

మర్నాడు ఒక ట్రాక్టరూ ఇనప తాడూ తెప్పించారు. ఏకాదశి రోజంతా ట్రాక్టర్ని దగ్గర్లోని గట్టి నేల మీదకి చేర్చడానికే సరిపోయింది. ద్వాదశి మధ్యాహ్నం తాడు కట్టి, నేను వచ్చిన దారినే వెనక్కి లాగించాం. ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. తాడు బిగిసి సన్నగా మోగింది. మరుక్షణం తెగి, నా తల మీదుగా ఈల వేస్తూ పోయి కట్టకి కొట్టుకుంది. అక్కడ ఎవరైనా ఉండుంటే రెండు ముక్కలయ్యేవాళ్ళు. ట్రాక్టరు వెనక చక్రాలు కూడా దిగుతుంటే డ్రైవరు భయపడి ఎలాగో బయటికి తీసుకుని, ఇక నా వల్ల కాదని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మిషను మాత్రం ఇంకో జానెడు దిగింది.

ఓవర్సీరుగారు గట్టు మీద కూలబడ్డారు. పై అధికారికి ఏమని రాయాలో తెలియక కాగితం మీద కలం పెట్టి తీస్తున్నారు. నేను మిషను ఎక్కి నా సీట్లో ఊరికే కూర్చున్నాను.

ఆ సాయంత్రం కాపు దురాయి వేశాడు.

దురాయి అంటే పాళెం కట్టుబాటు. కాగితం ఉండదు, ముద్ర ఉండదు. కాపు ఫలానా పని చెయ్యకూడదు అంటే ఎవరూ చెయ్యకూడదు. మీరినవాడి ఇంటికి పాళెంలో ఎవరూ పోరు, నిప్పు కూడా ఇవ్వరు. మిషను బయటికి వచ్చేదాకా ఒక్క తెప్ప కూడా సముద్రంలోకి దిగకూడదని దురాయి. అది వాళ్ళకి చేపలు బాగా పడే కాలం. మరో నెలలో వానలు ముదిరితే ఎలాగూ వేట ఉండదు. అలాంటి రోజుల్లో, ఎవరిదో ప్రభుత్వ మిషను కోసం, ఆ పాళెం పాళెమంతా తెప్పలు ఒడ్డుకి లాగి బోర్లించేసింది. త్రయోదశి పొద్దున్నే నేను ఇసక దిబ్బ ఎక్కి చూశాను. సముద్రం మీద ఒక్క తెరచాప లేదు. ఖాళీ సముద్రాన్ని చూసి భయపడడం నాకు అదే మొదటిసారి.

పోటు తగ్గగానే జనం వచ్చారు. ఆడా మగా కలిపి నూరు మందికి పైగా ఉంటారు. భుజాల మీద సరుగుడు దుంగలు, రెండు తాటి మొద్దులు, చేతుల్లో కుండలు, పాత వలలు. అలివి వల తాళ్ళు చుట్టలు చుట్టి మోసుకొచ్చారు. అలివి వల అంటే తీరం మీద నిలబడి ఊరంతా కలిసి లాగే పెద్ద వల. దాని తాడు మనిషి మణికట్టంత లావు ఉంటుంది.

నేను వచ్చిన దారి వైపు చూపించి, “ఇటే లాగాలి” అన్నాను. కాపు తన భార్య వైపు తిరిగాడు. ఆమె తట్ట కట్ట మీద పెట్టి, చీర ఎగదోపి బురదలోకి దిగింది. ఒక్కో అడుగూ మెల్లగా పెడుతూ, పాదంతో కింద వెతుకుతూ మిషను చుట్టూ తిరిగింది. మేమందరం చూస్తున్నాం. మిషనుకు కుడి పక్కన, ఏటి వైపు పోయే వాలులో, అందరూ మరింత లోతు అనుకునే చోట ఆగి, కాలితో రెండు సార్లు తొక్కింది.

“ఈడ గుల్ల ఉండాది,” అంది. “ఈణ్ణించి కట్ట దాకా గుల్ల తిప్పే. పైన బురద మోకాటి లోతే.”

గునపంతో పొడిస్తే ఆమె చెప్పినట్టే మోకాలి లోతున టక్కుమంది. ఎన్నాళ్ళవో ఆల్చిప్పలు పేరుకుని గట్టిపడిన తిప్ప. పైకి ఏ గుర్తూ లేదు. ముప్పై ఏళ్ళుగా రోజూ తట్ట మోస్తూ నడిచిన కాళ్ళకి తప్ప అది ఇంకెవరికీ తెలియదు. మా దగ్గర పటాలున్నాయి, కొలత గొలుసులున్నాయి, దుర్భిణి ఉంది. ఆమె దగ్గర రెండు పాదాలున్నాయి.

ఆ రోజంతా తవ్వారు. చేతులతోనే. పార వేస్తే బురద అంటుకుని రాదు కాబట్టి, ముద్దలు ముద్దలుగా తీసి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అందించారు. ఆ తర్వాత వాళ్ళు చేసిన పని చూసి నాకు పిచ్చెక్కింది. సన్నటి వాసాలతో మిషను పొట్ట కిందకి బొక్కలు పొడిచి, ఆ బొక్కల్లో కుండలతో నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టారు.

“నీళ్ళొస్తాయని చస్తుంటే మీరే పోస్తున్నారేంటి?” అని అరిచాను.

కాపు నా వైపు తిరిగి, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. “బురద దీన్ని పట్టుకోనుండాది నాయనా. పట్టు వదలకుండా ఎంత లాగినా రాదు. నీళ్ళు పోతేనే పట్టు వదలతాది. తెప్పకైనా అంతే, గొడ్డుకైనా అంతే.”

చతుర్దశి పొద్దుటి పోటుకు నీళ్ళు చైన్ల పై అంచు దాకా వచ్చాయి. నేను కట్ట మీద నిలబడి, ఇంజను దాకా ఇంకా ఎంత ఉందో కళ్ళతో కొలుస్తూనే ఉన్నాను. జానెడున్నర. రేపటి పోటు అది మిగల్చదు. నీళ్ళు దిగాక, మధ్యాహ్నానికి తిప్ప దాకా సరుగుడు దుంగలు అడ్డంగా పరిచారు, వాటి మీద పాత వలలు కప్పారు. ఒక తాటి మొద్దుని రెండు చైన్లకీ అడ్డంగా గొలుసులతో బిగించాం. చైన్లు తిరిగితే మొద్దు కిందకి పోవాలి, మిషను దాని మీదకి ఎక్కాలి. ఈ ఒక్క ఉపాయం నాది. కాపు తల ఊపి మెచ్చుకుంటే, ఆ రోజు వరకూ ఏ అధికారి మెచ్చుకున్నా కలగనంత సంతోషం కలిగింది. వెంటనే సిగ్గూ వేసింది.

అలివి తాళ్ళు రెండూ మిషనుకు కట్టారు. ఒక్కో తాడు వెంట యాభై మంది. ఆడవాళ్ళు కొంగులు బిగించి మగవాళ్ళ మధ్యలో నిలబడ్డారు. ఓవర్సీరుగారు ఎప్పుడు చెప్పులు విడిచారో, పంచె ఎగగట్టి రెండో తాడు చివర నిలబడి ఉన్నారు. ఒక ముసలాయన గొంతెత్తి ఒక పదం అన్నాడు. నూరు గొంతులు దానికి జవాబిచ్చాయి. జవాబుతో పాటు నూరు వీపులు ఒకేసారి వెనక్కి వాలాయి. వల లాగేటప్పుడు సముద్రం ఒక అల ఇచ్చి తీసుకునే లెక్క ఒకటి ఉంటుందట. ఆ లెక్కనే లాగుతున్నారు, వదులుతున్నారు.

నేను ఇంజను వేసి మీట మీద చెయ్యి పెట్టాను. ఎప్పుడు కదపాలో నా చేతికి తెలియలేదు. కాపు ఎదురుగా నిలబడి చెయ్యెత్తాడు. వాళ్ళు వాలిన క్షణంలో చెయ్యి దించాడు. మీట లాగాను. గొలుసులు మూలిగాయి. తాటి మొద్దు బురద కిందకి పోయింది. మిషను వణికింది, కానీ కదల్లేదు. మళ్ళీ ఆ పదం, మళ్ళీ ఆ జవాబు. మూడోసారికి నా సీటు కింద ఏదో పెద్దగా చప్పరించిన చప్పుడైంది. అంత పెద్ద బరువుని బురద వదిలేసింది. మిషను ముందు భాగం పైకి లేచింది. నాకు ఒక్క క్షణం బురదకి బదులు ఆకాశం కనపడింది.

ఆపలేదు. దుంగలు ఫెళఫెళ విరుగుతుంటే ఒక్కో అడుగే కదిలి, పొద్దు వాలేలోగా రెండు చైన్లూ గుల్ల మీదకి ఎక్కాయి. చిప్పలు నలిగిన చప్పుడు విని పాళెమంతా ఒక్కసారి కేక పెట్టింది. నేను మిషను దిగి, చైను పట్టుకుని ఏడ్చాను. అది సంతోషం ఒక్కటే కాదు. నూరు మంది నడుం మట్టం బురదతో, అరచేతులు చీలి, నవ్వుతూ నా చుట్టూ నిలబడ్డారు. వాళ్ళలో ఒక్కరు కూడా అక్కడ ఉండాల్సిన అవసరం లేదు. నేను ఆడిన ఒక అబద్ధానికి వాళ్ళు అక్కడ ఉన్నారు. మనుషులు ఇంత పెద్దవాళ్ళుగా ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

మిషను కడుగుతున్న కాపు దగ్గరికి వెళ్ళి, “పెద్దాయనా, తప్పు మీ మట్టది కాదు. ఆ రోజు నన్ను అటు పోవద్దని, గుల్ల చూపించిన ఆమె కేక వేసింది. నాకు వినపడింది. వినపడలేదని చెప్పాను” అన్నాను.

ఆయన చెయ్యి ఆగలేదు. “తెలుసు గదా,” అన్నాడు. “ఆమె మా ఇంటామె. ఆ పొద్దే చెప్పినాది.”

“మరి ఓవర్సీరుగారితో ఎందుకు చెప్పలేదు?”

“తప్పెవురిదో తేల్చుకుంటా కూచుంటే పోటు ఆగతాదా నాయనా? గండి పూడాల. ముందు మిసను పైకి రావాల.” కుండ పక్కన పెట్టి అప్పుడు నా మొహం చూశాడు. “నాకు చెప్పి ఏం లాభం? ఎవురి మాట విన్లేదో ఆమెకి చెప్పు.”

ఆమె దగ్గరికి వెళ్ళలేకపోయాను. ఓవర్సీరుగారితో నిజం చెప్పగలిగాను, ఆయన తిట్టిన తిట్లన్నీ తలవంచుకుని పడ్డాను. అది తేలిక. ఆమె కట్ట మీద కూర్చుని కాళ్ళకి గుచ్చుకున్న చిప్ప పెంకులు తీసుకుంటుంటే, దూరం నుంచే చూసి వెనక్కి తిరిగాను.

చీకటి పడేలోగా ఆ గుల్ల మీదుగానే మిషన్ని కట్ట వాలు మీదకి ఎక్కించాం. పున్నమి పొద్దున పోటొచ్చింది. మిషను దిగబడిన చోట నీళ్ళు ఛాతీ లోతున నిలిచాయి. అక్కడ ఏమీ జరగనట్టు తళతళా మెరుస్తుంటే అందరం కట్ట మీద నిలబడి చూశాం. దిబ్బల అవతల తెరచాపలు మళ్ళీ లేచాయి.

నీళ్ళు దిగాక గండి వైపు బయల్దేరాలి. గుల్ల తిప్ప ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు తెలియదు. ఆమె తట్ట పాళెంలోనే వదిలేసి, చేతిలో ఒక పచ్చి తాటిమట్ట పట్టుకుని వచ్చింది. మేము తవ్విన చోటుకి వెళ్ళి మట్ట నా చేతికిచ్చి, “నువ్వే పాతు” అంది. మోచెయ్యి దాకా బురదలో పెట్టి పాతాను. కదిలించి చూసి, సరేనన్నట్టు తల ఊపి ముందు నడిచింది.

నేను మిషను ఎక్కి ఆమె వెనక నడిపాను. ఆమె ఆగితే ఆపాను, కదిలితే కదిలించాను. ఆమె వీపు నాకు పది అడుగుల ముందు ఉంది. ఇంజను మోతలో నా మాట నాకే వినపడదు. అందుకే ధైర్యం వచ్చింది. “తప్పయిపోయిందమ్మా, నీ మాట వినపడిందమ్మా, వినపడి కూడా పోయానమ్మా” అని గండి దాకా ఆ వీపుతో చెబుతూనే ఉన్నాను.

గండి అంచున ఆమె ఆగింది. నేను ఇంజను ఆపాను. ఏటి గాలి తప్ప చప్పుడు లేదు. ఆమె వెనక్కి తిరిగి, కొంగుతో మొహం తుడుచుకుంటూ అంది.

“ఇంక చాల్లే అబ్బయ్యా. వినపడిందిలే.”